చిన్న క్షణాలను ఆస్వాదిస్తూ, అవసరంలో ఉన్నవారికి తోడ్పడడం ఎలా: విశాఖవాసులకు ఒక సమగ్ర మార్గదర్శి

బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున కొంతసేపు వాహనాలను ఆపివేస్తారు కనుక, నడిచేవారికి అంతకన్నా హాయైన చోటు ఈ ఊళ్లో మరొకటి లేదు. అయినా ఆ వేళకు అక్కడికి వచ్చేవారిలో సముద్రం వైపు తిరిగి ఒక్క నిమిషం నిలబడేవారిని లెక్కపెడితే చేతి వేళ్లు మిగిలిపోతాయి. చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, చేతి గడియారంలో అడుగుల లెక్క చూసుకుంటూ వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోతారు. నేనూ ఎన్నో ఏళ్లు అలాగే నడిచాను.

రోజులో ఎదురయ్యే చిన్న సంగతులను తీరికగా ఆస్వాదించడం, అవసరంలో ఉన్నవారికి పనికొచ్చే సాయం చేయడం అనే రెండింటినీ ఇక్కడ కలిపి చెబుతున్నాను. ఆగి చూసే అలవాటు లేనివాడు చేసే సాయం తరచుగా గురి తప్పుతుందన్నది నా అభిప్రాయం, స్వానుభవం కూడా. వారానికి రెండు గంటల సమయం, నెలకు కొన్ని వందల రూపాయలు వెచ్చించగలిగిన ఉద్యోగులను, గృహిణులను, పదవీ విరమణ చేసినవారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాశాను.

మొదటి అడుగు: ఒక చోటు, ఒక వేళ ఎంచుకోండి

ఊరంతా తిరగాలనుకోకండి. ఇంటికో ఆఫీసుకో దగ్గరలో ఒక చోటును ఎంచుకుని, వారంలో రెండు రోజులు అదే వేళకు వెళ్లి అరగంట ఉండండి. అది రైతుబజారు బయటి అరుగు కావచ్చు, ఆర్టీసీ కాంప్లెక్సులో ఒక బల్ల కావచ్చు, ఫిషింగ్ హార్బరులో చేపల వేలం జరిగే చోటు కావచ్చు, భీమిలి బస్సులో కిటికీ పక్క సీటయినా కావచ్చు. మొదటి పావుగంట ఫోను జేబులోంచి తీయవద్దు. మొదటి రోజు అక్కడ అందరూ గుంపుగానే కనిపిస్తారు. నాలుగైదుసార్లు వెళ్లేసరికి ఎవరు ఏ వేళకు వస్తారో, ఈ రోజు ఎవరు రాలేదో మీకు తెలియకుండానే తెలిసిపోతుంది. తరువాతి అడుగులన్నింటికీ ఈ ఎరుకే పనికొస్తుంది.

ఏ నెలలో ఏం చూడవచ్చో తెలిస్తే ఆనందం రెట్టింపవుతుంది. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి సూర్యోదయాన్ని అందరూ ఎరుగుదురు గాని, చంద్రోదయం కోసం వచ్చేవారు తక్కువ. పౌర్ణమి నాడు ఇంచుమించు సూర్యాస్తమయ సమయానికే చంద్రుడు నీళ్లలోంచి పైకి వస్తాడు. క్యాలెండరులో ఆ వేళ చూసుకుని అరగంట ముందుగా ఇసుకలో కూర్చుంటే, వెనుక కొండల మీద ఎర్రదనం పోకముందే ఎదుట రాగి పళ్లెంలాంటి చంద్రబింబం లేస్తుంది. దీనికి టికెట్టు లేదు, క్యూ లేదు, అయినా ఎందుకో ఎవరూ రారు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ వారు ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లలు బయటపడ్డాక సముద్రంలోకి వదులుతారు. ఆ దృశ్యం చూసే అవకాశం దొరికితే ఫోను లైటు మాత్రం వేయకండి, ఆ వెలుగుకు పిల్లలు దారి తప్పుతాయి. ఇక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. హార్బరులో పడవలన్నీ ఒడ్డున వరుసగా ఆగిపోయి, నీడన కూర్చున్నవారు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. సముద్రం గురించి వారితో తీరికగా మాట్లాడడానికి అంతకన్నా మంచి కాలం లేదు. ఆ రోజుల్లో ఆదాయం తగ్గేది పడవ ఎక్కేవారికే కాదు, ఐసు మోసేవారికీ, గంపలతో వీధి వీధీ తిరిగే అమ్మలకూ తగ్గుతుంది. ఈ సంగతి నాకు వార్తల్లో కాక, అక్కడ కూర్చోవడం వల్లే తెలిసింది.

మరీ చిన్నదాన్ని ఒకదాన్ని దగ్గరగా చూపిస్తాను. సాయంత్రం ఆర్కే బీచిలో మురీ (మరమరాల) మిక్చరు బండి దగ్గర నిలబడండి. ఆయన లోతైన స్టీలు గిన్నెలోకి మురీలు పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు వేసి, గిన్నెను కొంచెం వంచి చెంచాతో టకటకమని కలుపుతాడు. నిమ్మచెక్క పిండే ముందు ఒక్క క్షణం చేయి ఆపి, తలెత్తి, “కారం ఉండాలా బాబూ?” అని అడుగుతాడు. కాగితాన్ని పొట్లంగా చుట్టి నింపి, పైన ఇంకో పిడికెడు వేసి ఇస్తాడు. దాన్ని ఇంటికి పట్టుకెళ్లవద్దు. సముద్రపు గాలిలోని తేమకు, టమాటా రసానికి మురీలు అయిదు నిమిషాల్లో మెత్తబడిపోతాయి కాబట్టి అక్కడే నిలబడి తినాలి. మన దినచర్యలో మనల్ని ఇంత ఖచ్చితంగా ఒకచోట నిలబెట్టే సంగతులు ఇంకెన్ని ఉన్నాయి?

రెండవ అడుగు: ఒక్క వాక్యం రాసుకోండి

రాత్రి పడుకునే ముందు ఆ రోజు చూసినదాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. “ఈ రోజు బాగుంది” అని రాస్తే లాభం లేదు, “పూర్ణా మార్కెట్లో కరివేపాకు అమ్మే అవ్వ కట్టలను తడిగుడ్డతో కప్పి, మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తోంది” అని రాయాలి. నెల తిరిగేసరికి ఎనిమిది తొమ్మిది వాక్యాలు అవుతాయి. అంతకన్నా ఎక్కువ రాయవలసిన పని లేదు.

మూడవ అడుగు: పలకరించండి

చూడడం నుంచి సాయం చేయడానికి మధ్య ఉన్న మెట్టు పలకరింపు. రోజూ చూసే మనిషిని “అమ్మా”, “మామ్మా”, “బాబాయ్” అని వయసుకు తగ్గట్టు పిలిచి ఒక మాట మాట్లాడండి. మా వీధి చివర తాటిముంజలు అమ్మే ఒక మామ్మ రెండు రోజులు కనిపించలేదు. మూడో రోజు, “ఏం మామ్మా, రాలేదేం?” అని అడిగితే, “జొరమొచ్చీసింది బాబూ, లెగనేకపోనాను” అంది. మందు వేసుకున్నావా అంటే, మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి గాని ఏది పొద్దున్న వేసుకోవాలో ఏది రాత్రి వేసుకోవాలో మరిచిపోయానని చెప్పింది. మర్నాడు ఆమె తెచ్చిన మాత్రల పొట్లాలను చీటీతో సరిచూసి, పొద్దుటి వాటి మీద పెన్నుతో సూర్యుణ్ణి, రాత్రివాటి మీద నెలవంకను గీసి ఇచ్చాను. నాకు ఖర్చయినది పది నిమిషాలు. పలకరించకపోతే ఈ పని ఉన్నట్టు కూడా నాకు తెలిసేది కాదు.

పలకరింపులో రెండు జాగ్రత్తలు పాటించాలి. బేరం బాగా సాగుతున్న వేళ కబుర్లు పెట్టకండి, అది వారి సంపాదన సమయం. కులం, అప్పులు, మొగుడి తాగుడు వంటి విషయాలను వారంతట వారు చెబితే వినండి గాని మీరుగా తవ్వకండి.

నాలుగవ అడుగు: కావలసింది ఏమిటో అడిగి తెలుసుకోండి

అందరూ తడబడేది ఇక్కడే. కొన్నేళ్ల క్రితం ఇంట్లో ఒక శుభకార్యం సందర్భంగా యాభై పులిహోర పొట్లాలు కట్టించి, నగరంలోని ఒక ఆసుపత్రి బయట పంచడానికి తీసుకెళ్లాను. అప్పటికే మరో రెండు బృందాలు పంచి వెళ్లాయని అక్కడికి చేరాక తెలిసింది. మొహమాటానికి తీసుకున్నవారు కొందరు, వద్దన్నవారు కొందరు. గంట తరువాత చూస్తే ఇరవై పొట్లాల దాకా గోడ పక్కన పడి ఉన్నాయి, కాకులు లాగుతున్నాయి. తప్పు పూర్తిగా నాదే. వెళ్లే ముందు ఒక్కరినీ అడగలేదు.

అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్న ఒకావిడ నా చేతిలోని పొట్లం వైపు చూడకుండా, కొంగు ముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి, “ఇదేటో చూడు బాబూ” అంది. అది స్కానింగు చీటీ. ఏ గదికి వెళ్లాలో, ఏ వేళకు వెళ్లాలో అందులోనే ఉంది. ఆమెకు చదవడం రాదు. పొద్దున్నుంచి ముగ్గురిని అడిగిందట, ఒక్కొక్కరూ ఒక్కో వైపు చూపించారట. నేను ఆమెతో కలిసి ఆ గది దాకా నడిచాను. ఆ రోజు నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) ఉత్తరాంధ్ర జిల్లాల నుంచే కాక ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి కూడా రోగులు వస్తారు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవారిలో కొందరికి ఇంటి భాష కువి, కొందరికి ఆదివాసీ ఒడియా. నగరపు తెలుగు వారికి సగమే అర్థమవుతుంది. కేజీహెచ్ అప్ (ఎగువ వైపు) ఎక్కడో, కేజీహెచ్ డౌన్ (దిగువ వైపు) ఎక్కడో మనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు గాని, రాత్రి బస్సు దిగి వచ్చినవారికి అదొక చిక్కుముడి. ఇలాంటి చోట రోగి వెంట ఉండేవారికి సాధారణంగా కావలసినవి చీటీ చదివి చెప్పే మనిషి, ఫోను చార్జింగు, ఆధార్ కార్డు, రేషను కార్డుల జిరాక్సులు, పడుకోవడానికి చాప, మూత ఉన్న నీళ్ల బాటిలు, స్నానానికి బక్కెట్టు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స పొందాలంటే కార్డుల పని తప్పదు. ఆ పథకం సహాయ కౌంటరు ఎక్కడుందో చూపించి, ఒక సెట్టు జిరాక్సులు తీయించి ఇస్తే వారికి ఒక పూట తిరుగుడు తప్పుతుంది. చికిత్స గురించి మాత్రం మీరు సలహా ఇవ్వకండి. “మా బంధువుకూ ఇలాగే అయింది” అనే మాట ఆసుపత్రి ఆవరణలో నోట రానివ్వకండి.

అన్నమే పెట్టాలనుకుంటే ముందు రోజు వెళ్లి, ఏ పూట ఎవరూ పెట్టడం లేదో కనుక్కోండి. అన్న క్యాంటీన్లలో అయిదు రూపాయలకే భోజనం దొరుకుతుంది కనుక కొన్నిచోట్ల మధ్యాహ్నం కొరత ఉండకపోవచ్చు, రాత్రి పొద్దుపోయాక వచ్చినవారికి ఉండవచ్చు. పులిహోర కన్నా అరటిపండ్లు, పాలు, వేడి ఇడ్లీ ఎక్కువ మందికి సరిపడతాయి.

అయిదవ అడుగు: మీకు కుదిరే ఒక సాయాన్ని ఎంచుకుని నేర్చుకోండి

అన్నీ చేయబూనితే ఏదీ నిలవదు. కింద చెప్పినవాటిలో ఒకదాన్ని ఎంచుకోండి.

రక్తదానం చాలామందికి వీలైన పని. 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. ఒకసారి ఇచ్చాక పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. తీసుకునేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కిలోలు దాటితే 450 దాకా తీసుకోవచ్చు. ఖాళీ కడుపుతో వెళ్లకూడదు, ముందు రాత్రి నిద్ర చాలినంత ఉండాలి, ఇచ్చాక పావుగంట అక్కడే కూర్చోవాలి. నాయకుల పుట్టినరోజులకు పెట్టే శిబిరాలంటే నాకు అంత గురి లేదు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలవ ఉంటాయి, ఎర్రకణాలయినా ఆరు వారాలు మించవు. ఒక్కనాడు కుప్పగా ఇచ్చి, కాలేజీలకు సెలవులయిన మే నెలలో ఎవరూ రాకపోతే, రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవలసిన తలసేమియా పిల్లల తల్లిదండ్రులు ఎక్కడికి పోవాలి? మీరు ఏడాదికి మూడుసార్లు ఇవ్వదలిస్తే, అందులో ఒకటి తప్పనిసరిగా ఎండాకాలంలో ఉంచుకోండి.

చూపులేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టడం మరో మంచి పని, దీని గురించి తెలిసినవారు తక్కువ. రాసేవారి చదువు సాధారణంగా అభ్యర్థి చదువుకన్నా ఒక మెట్టు తక్కువగా ఉండాలంటారు కాబట్టి, ఇంటర్మీడియట్, డిగ్రీ చదువుతున్న మీ పిల్లలకు ఇది బాగా సరిపోతుంది. గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు. ప్రశ్నను తొందరపడకుండా రెండుసార్లు చదవాలి. లెక్కల్లో “మూడు బై నాలుగు ప్లస్ ఒకటి” అని చదివితే ఆ ఒకటి భిన్నం లోపల ఉందో బయట ఉందో వినేవారికి తెలియదు కనుక, “భిన్నం అయిపోయింది, ఆ తరువాత ప్లస్ ఒకటి” అని విడమరిచి చెప్పాలి. అభ్యర్థి చెప్పిన జవాబు తప్పని మీకు తెలిసినా, చెప్పింది చెప్పినట్టే రాయాలి. ఇది వినడానికి తేలిక, చేయడం కష్టం.

రోడ్డు మీద ప్రమాదం జరిగితే 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా పక్కన ఉండండి. పోలీసు కేసుల భయంతో చాలామంది తప్పుకుంటారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను, దాని కింద చేసిన నియమాల ప్రకారం, సదుద్దేశంతో సాయం చేసినవారిపై కేసు పెట్టడానికి వీల్లేదు, పేరు చెప్పాలని, సాక్షిగా ఉండాలని బలవంతం చేయడానికీ వీల్లేదు.

కూడలిలో చేయి చాచే పిల్లలకు డబ్బులివ్వకండి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. ఒంటరిగా, దిక్కులేకుండా ఉన్న పెద్దవారు కనిపిస్తే 14567 నంబరు ఉంది.

ఆరవ అడుగు: జనం గుమిగూడే రోజును వదులుకోకండి

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరినవారు అడవివరం, హనుమంతువాక, వెంకోజీపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా సుమారు 32 కిలోమీటర్లు నడిచి కొండకు తిరిగి చేరతారు. దారి పొడవునా కాలనీలవాళ్లు మంచినీళ్లు, మజ్జిగ, ప్రసాదం పట్టుకుని నిలబడతారు. చూడడానికీ చేయడానికీ ఒకేచోట ఇంత అవకాశం ఉన్న రాత్రి ఏడాదిలో మరొకటి లేదు.

నిర్వాహకులకు నాది ఒక మనవి. బల్లను రోడ్డు ఇరుకైన చోట వేయకండి, మలుపు దాటాక వేయండి. వాడిన గ్లాసులు వేయడానికి బుట్టను బల్ల పక్కన కాక ముప్పై అడుగుల ముందుకు పెట్టండి, నడిచేవాడు తాగడం ముగించేది అక్కడే. అన్నింటికన్నా ముఖ్యంగా, రాత్రి పదకొండింటికి సరుకు అయిపోయిందని బల్ల ఎత్తేయకండి. కుర్రాళ్లు పరుగులాంటి నడకతో ముందే వెళ్లిపోతారు. చెప్పుల్లేని కాళ్లతో, ఒకరి భుజం ఒకరు పట్టుకుని పెద్దవాళ్లు వచ్చేది రెండింటికీ మూడింటికీ. అప్పటికి చాలా బల్లలు ఖాళీ అయిపోయి ఉంటాయి. సగం మజ్జిగను, ఒక నొప్పి స్ప్రేను, రెండు కుర్చీలను ఆ వేళకు దాచి ఉంచండి.

ఏడవ అడుగు: తుఫానుకు ముందే పేర్లు రాసి పెట్టుకోండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. కరెంటు, నీళ్లు, ఫోను ఒక్కసారిగా పోయాయి. అపార్టుమెంట్లలో మోటారు ఆడక, పై అంతస్తుల్లో ఒంటరిగా ఉన్న వృద్ధులు బిందెడు నీళ్లు పైకి తెచ్చుకోలేక పడిన అవస్థ చూసినవారికి గుర్తుండే ఉంటుంది. పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్లు ఈ ఊళ్లో ప్రతి అపార్టుమెంటులోనూ ఉంటారు. సెప్టెంబరులోనే మీ భవనంలో అలాంటివారి ఫ్లాటు నంబరు, వాడే మందులు, పిల్లల ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోనులో రాస్తే చార్జింగు లేని రోజున పనికిరాదు.

ఎనిమిదవ అడుగు: ఇచ్చినప్పుడు తీసుకోండి

సాయం అందుకునేవారి ఫోటో తీయకండి, దీనికి మినహాయింపు లేదు. ఒంట్లో బాగుండని వారం మానేయండి, అందుకు నొచ్చుకోవలసిన పని లేదు. ఎదుటివారు ఏదైనా ఇస్తే మాత్రం కాదనకండి. ఇది నాకు ఆలస్యంగా వచ్చిన బుద్ధి. మాత్రల మీద బొమ్మలు గీసి ఇచ్చిన తరువాత ముంజల మామ్మ డజను మీద ఒకటి ఎక్కువ వేసేది. నేను దానికీ డబ్బు లెక్కకట్టి చేతిలో పెట్టేవాణ్ణి. నాలుగోసారి ఆమె డబ్బు వెనక్కి తోసి, “నీకే సెయ్యుందేటి? నాకు నేదా?” అంది. అప్పటి నుంచి నోరు మూసుకుని తీసుకుంటున్నాను.

ఆ ముంజను ఆమె ముందే, నిలబడే తింటాను. పై పొరను గోటితో మెల్లగా వలిచి, మెత్తని వైపు పైకి ఉండేలా అరచేతిలో పెట్టుకుని, ముందు చిన్న గాటు పెట్టి లోపలి నీళ్లు పీల్చేయాలి. తొందరపడి ఒకేసారి కొరికితే నీళ్లన్నీ చొక్కా మీదే.